మీరేం పని చేస్తారండీ?

మా నాన్నకి ఆటోనగర్‌లో చిన్న బ్యాటరీ షాపు ఉంది. లారీలవీ ఇన్వర్టర్లవీ పాత బ్యాటరీలు విప్పి, పోయిన ప్లేట్లు తీసేసి, సీసం కరిగించి మళ్ళీ అతికి, యాసిడ్ పోసి ఛార్జింగ్‌కి పెడతారు. నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు ఆయనకి కడుపునొప్పి మొదలైంది. పేగులు మెలిపెట్టినట్టు వచ్చేదట. ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట అల్సర్ అన్నారు. స్కానింగ్ తీశారు, గొట్టం వేసి చూశారు, ఏమీ లేదన్నారు. మనిషి మాత్రం రోజురోజుకీ పాలిపోయారు. నాలుగో చోట ఒక కుర్ర డాక్టరమ్మ ఫైలు మొత్తం పక్కన పెట్టి, మీరేం పని చేస్తారండీ అని అడిగింది. సమాధానం విని, రక్తంలో సీసం ఎంతుందో చూసే టెస్టు రాసింది. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువే ఉంది.

అంత చిన్న ప్రశ్న ముందు ముగ్గురూ ఎందుకు అడగలేదా అని నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపంతో నెట్‌లో వెతుకుతుంటే తెలిసింది, ఆ ప్రశ్న వయసు మూడు వందల ఏళ్ళ పైమాటే. ఇటలీలో రమజ్జీని అనే డాక్టరు 1700లోనే పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాసి, రోగిని వృత్తేమిటో కూడా అడగమని తోటి డాక్టర్లకి చెప్పాడు. కానీ ఆ ప్రశ్న పట్టుకుని ఆస్పత్రి దాటి నేరుగా ఫ్యాక్టరీలోకి నడిచిన మనిషి ఇంకొకరున్నారు. ఆలిస్ హామిల్టన్. క్లబ్‌వాళ్ళు ఈసారి ఎవరిదైనా జీవితం రాయమంటే అందరూ కలాం గారి మీద పడతారని నాకు ముందే తెలుసు కాబట్టి, నేను ఈమె గురించి రాస్తున్నాను. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, కాస్త సర్దుకోండి.

ఆలిస్ 1869లో న్యూయార్క్‌లో పుట్టింది, పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో. గ్రీకు పురాణ కథల మీద పుస్తకాలు రాసిన ఈడిత్ హామిల్టన్ ఈమె అక్కే. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. భాషలు బాగా వచ్చాయి, సైన్సు దాదాపు సున్నా. ఈలోగా తండ్రి వ్యాపారం దెబ్బతింది, ఆడపిల్లలు కూడా సంపాదించుకోవాల్సి వచ్చింది. డాక్టరైతే ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా పనికొస్తానని మెడిసిన్ ఎంచుకుంది. ముందు ఫిజిక్స్, కెమిస్ట్రీ ఓనమాలు నేర్చుకుని, ఆ తర్వాత మిషిగన్ యూనివర్సిటీలో చేరి 1893లో డిగ్రీ తీసుకుంది. తర్వాత బాక్టీరియాల గురించి చదవడానికి అక్కతో కలిసి జర్మనీ వెళితే, అక్కడి యూనివర్సిటీలు ఆడవాళ్ళని లోపలికి రానిచ్చాయిగానీ మగ విద్యార్థుల కంట్లో పడకుండా ఉండాలన్నాయి.

1897లో చికాగో వచ్చి ఒక మహిళా వైద్య కళాశాలలో పాథాలజీ చెప్పే ఉద్యోగంలో చేరింది. నివాసం మాత్రం హల్ హౌస్‌లో. జేన్ ఆడమ్స్ నడిపిన ఇల్లు అది. చదువుకున్నవాళ్ళు వచ్చి పేదల వాడలోనే కాపురముండి, ఇరుగుపొరుగుకి చేతనైన సాయం చేసేవాళ్ళు. చుట్టూ ఇటలీ, పోలండ్, గ్రీసు, రష్యాల నుంచి పొట్టచేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళు. ఆలిస్ అక్కడ పసిపిల్లల్ని చూసేది, తల్లులకి స్నానాలు చేయించడం నేర్పేది. ఆ తల్లుల కబుర్లలోనే ఆమెకి మొగుళ్ళ జబ్బులు వినపడ్డాయి.

ఒక తప్పు కూడా చేసింది, అది దాచకూడదు. 1902లో ఆ వాడలో టైఫాయిడ్ విజృంభించింది. మరుగుదొడ్ల దగ్గర ఈగల్ని పట్టి పరీక్షిస్తే వాటిలో టైఫాయిడ్ క్రిములు దొరికాయి. ఈగల వల్లే వ్యాపించిందని పేపరు రాసింది. ఊరంతా మెచ్చుకుంది, ఆరోగ్య శాఖని ప్రక్షాళన చేశారు. తర్వాత తెలిసింది, అసలు కారణం అది కాదు. పంపింగ్ స్టేషన్ దగ్గర మురుగు మంచినీళ్ళ గొట్టంలో కలిసింది, ఆ సంగతి అధికారులు కప్పిపెట్టారు. మా భాషలో చెప్పాలంటే, బగ్ ఒకచోట ఉంటే ఆమె ఇంకోచోట ఫిక్స్ చేసి డెమోలో చప్పట్లు కొట్టించుకుంది. తేడా ఏంటంటే, పొగడ్త మిగిలిపోయినా తన లెక్క తప్పని ఆమే తన ఆత్మకథలో రాసుకుంది. మా ప్రాజెక్ట్ రివ్యూల్లో ఇలా చేసినవాణ్ణి నేనింకా చూడలేదు.

అసలు పని 1910లో మొదలైంది. ఇల్లినాయ్ రాష్ట్రం వృత్తి జబ్బుల మీద సర్వే పెట్టి ఆమె చేతిలో పెట్టింది. అప్పటికి అమెరికాలో పెద్ద డాక్టర్లు కూడా, ఈ జబ్బులు యూరప్‌వి, మన ఫ్యాక్టరీలు శుభ్రంగా ఉంటాయి అనేవాళ్ళు. ఏ ఫ్యాక్టరీలో ఏ విషం వాడుతున్నారో ఎక్కడా రాసిలేదు. ఆస్పత్రి రికార్డులు చూస్తే రోగి పేరుంటుంది, జబ్బు ఉంటుంది, వృత్తి దగ్గర కూలీ అని ఉంటుంది. ఏ కూలీ, ఎక్కడ కూలీ? అడ్రసులు కూడా సగం తప్పులు. ఆమె పోలండ్ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళింది, చర్చి ఫాదర్లనీ మందుల షాపుల వాళ్ళనీ చివరికి సారా కొట్టు ఓనర్లనీ అడిగింది. ఆ లిస్టు చూసి నవ్వొచ్చిందిగానీ, ఆలోచిస్తే నిజమే, మా వీధిలో ఎవరికి ఏ జబ్బో మెడికల్ షాపాయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

సీసమే పెద్ద దొంగ. రంగుల్లో వాడే తెల్ల సీసం ఎలా చేసేవాళ్ళంటే, సీసపు ముక్కల్ని వెనిగర్ లాంటి ఆమ్లం ఆవిరిలో నెలల తరబడి మగ్గబెట్టి, పైన కట్టిన తెల్లటి పెచ్చుని ఊడదీసి, పిండి చేసి ఆరబెట్టేవాళ్ళు. ఆ పిండి గాల్లో ముగ్గులా లేచేది. పనివాళ్ళకి కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తహీనత, చిగుళ్ళ మీద నీలం గీత, ముదిరితే మణికట్టు పట్టుతప్పి చెయ్యి వేలాడిపోవడం, ఫిట్స్. యజమానుల జవాబు ఒకటే. వీళ్ళు చేతులు కడుక్కోకుండా తింటారు, తాగుతారు, మేమేం చేస్తాం అని. ఆలిస్ ఒప్పుకోలేదు. చేతుల మీది మురికి కంటే పీల్చే గాలిలోని దుమ్ము, ఆవిరి ఎక్కువ ప్రమాదమంది. ఇది చిన్న తేడా కాదు. చేతులదైతే తప్పు పనివాడిది. గాలిదైతే ఫ్యాక్టరీది.

ఒకసారి చెయ్యి పడిపోయిన పోలండ్ మనిషి కనపడ్డాడు, బాత్‌టబ్‌లకి ఎనామిల్ వేసే పని. ఆ ఫ్యాక్టరీకి వెళితే అంతా తిప్పి చూపించారు, సీసం జాడే లేదు. తర్వాత పనివాళ్ళని ఇంటి దగ్గర కలిస్తే అసలు విషయం చెప్పారు. ఆమెకి చూపించింది చివర్లో మెరుగులు దిద్దే గది మాత్రమే, ఎర్రగా కాలిన తొట్టి మీద ఎనామిల్ పొడి చల్లే కొలిమి వేరే చోట ఉందట. అక్కడికెళ్ళి పొడి సంపాదించి పరీక్ష చేయిస్తే అందులో సీసం బోలెడు. తనిఖీ రోజు ఒక్కసారిగా ల్యాబులు మెరిసిపోయే కాలేజీల్లో చదివేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నేషనల్ లెడ్ కంపెనీ వైస్ ప్రెసిడెంట్ ఎడ్వర్డ్ కార్నిష్ తన మనుషులకి సీసం జబ్బు ఉందంటే నమ్మలేదు, రుజువు తెమ్మన్నాడు. ఆమె 22 మంది వివరాలు తెచ్చి ముందు పెట్టింది. మెచ్చుకోవాలి, ఆయన మాట తప్పలేదు. దుమ్మూ ఆవిరీ బయటికి లాగే ఏర్పాట్లు చేయించి, ఫ్యాక్టరీలకి డాక్టర్లని పెట్టాడు. సర్వే చివరికి సీసం తగిలే పనులు డెబ్బైకి పైగా తేలాయి. 1911లో ఇల్లినాయ్‌లో చట్టం వచ్చింది, ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్ళని నెలకోసారి డాక్టరు చూడాలని. ఆ ఏడాది నుంచి కేంద్ర ప్రభుత్వం తరపున దేశమంతా తిరిగింది. ఏ ఫ్యాక్టరీలోకైనా బలవంతంగా వెళ్ళే అధికారం ఆమెకి లేదు. తలుపు తట్టి, మర్యాదగా అడిగి వెళ్ళడమే.

యుద్ధకాలంలో బాంబు మందుల ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళు లేకపోతే, పిక్రిక్ ఆమ్లంతో ఒళ్ళంతా పచ్చబడిన పనివాళ్ళని చూసి ఆచూకీ పట్టింది. ఆ తర్వాత బెంజీన్. రబ్బరు, జిగురు పనుల్లో బాగా వాడేవాళ్ళు, తియ్యటి వాసన, ఇట్టే ఆరిపోతుంది. అది ఎముకల్లోని మూలుగని దెబ్బతీస్తుంది, రక్తం తయారయ్యేది అక్కడే కదా. తెల్ల కణాలు పడిపోతే ఒంట్లో సైన్యం లేనట్టే, మామూలుగా తగ్గిపోయే ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం తీస్తుంది. దాని మీద 1922లోనే ఆమె హెచ్చరిస్తూ రాసింది. బెంజీన్ బ్లడ్ క్యాన్సర్ తెస్తుందని తర్వాత గట్టిగా రుజువైంది.

1919లో హార్వర్డ్ పిలిచింది. ఆ యూనివర్సిటీలో మొదటి మహిళా అధ్యాపకురాలు. షరతులు వినండి. ఫ్యాకల్టీ క్లబ్‌లోకి రాకూడదు. ఫుట్‌బాల్ టికెట్లు అడగకూడదు. స్నాతకోత్సవంలో వేదిక ఎక్కకూడదు. ఏటా ఆహ్వానం వచ్చేది, దాంతోపాటే ఆడవాళ్ళు వేదిక మీద కూర్చోరాదని కూడా. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, 1935లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే రిటైరైంది.

ఓడిపోయింది కూడా. పెట్రోల్‌లో సీసం కలపడం మొదలయ్యాక, 1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలో అది తయారుచేసే చోట ఐదుగురు పిచ్చెక్కినట్టై చనిపోయారు. 1925 మేలో వాషింగ్టన్‌లో సమావేశం పెడితే, సీసాన్ని రోడ్ల మీదికి వదలొద్దని ఆలిస్ వాదించింది. వినలేదు. నిషేధించడానికి తగిన ఆధారం లేదని కమిటీ తేల్చింది, అమ్మకాలు మళ్ళీ మొదలయ్యాయి. మన దేశంలో సీసం పెట్రోల్ ఆగింది 2000లో. అంటే మా అమ్మానాన్నల చిన్నతనం అంతా ఆ పొగలోనే గడిచింది.

ఆలిస్ 1970 సెప్టెంబర్ 22న పోయింది, 101 ఏళ్ళకి. అదే డిసెంబర్‌లో అమెరికా మొత్తానికి వర్తించే పని భద్రత చట్టం వచ్చింది.

పోయిన ఆదివారం ఇంటికి ఫోన్ చేసి నాన్నకి ఈ కథంతా చెప్పాను. షాపు మూసెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు, నా ఫీజు అక్కణ్ణుంచే వస్తుంది. డాక్టరమ్మ చెప్పాక ఆయన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటున్నారు, తినేటప్పుడు చొక్కా మార్చుకుంటున్నారు. కానీ సీసం కరిగించే పొయ్యి మాత్రం ఇంకా షట్టర్ లోపలే ఉంది. కార్నిష్ చేయించిన ఏర్పాటు గురించి చెబుతుంటే మధ్యలో ఆపారు. ఆ గొట్టం పొయ్యికి ఎంత ఎత్తులో పెట్టాలి, లాగే ఫ్యాన్ ఎన్ని అంగుళాలది కావాలి అని అడిగారు. నాకు తెలీదు. మెకానికల్ బ్రాంచ్‌లో ఎవరికైనా తెలిస్తే క్లబ్ గ్రూప్‌లో నాకు మెసేజ్ పెట్టండి. షాపు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల లోతు, వెనక గోడకి కిటికీ లేదు.