గీత గీసే ముందు ఊరు తిరిగిన దొర

బళ్లారి, తంజావూరు, మదురై... 1915లో ఈ ఊళ్ల ఇరుకు సందులన్నీ ఓ గడ్డం దొర కాలినడకన చుట్టేశారు. సందు వెడల్పు చేయాలంటే ఇళ్లు కూల్చడమే అప్పటి మున్సిపాలిటీలకు తెలిసిన మార్గం. ఆ దొర మాత్రం కూల్చేది వీలైనంత తగ్గించి, ఉన్నదాన్నే బాగుచేయాలంటూ నివేదికలు రాసిచ్చారు. ఆయనే పాట్రిక్ గెడ్డిస్. మన ఉస్మానియా క్యాంపస్ కథలోనూ ఆయనకు చోటుంది.

చీకటి గది మలుపు

గెడ్డిస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండ్‌లోని బల్లాటర్‌లో పుట్టారు. జీవశాస్త్రం చదివారు కానీ డిగ్రీ పుచ్చుకోలేదు. 1879లో మెక్సికో వెళ్లినప్పుడు చూపు దెబ్బతిని కొన్ని వారాలు చీకటి గదిలో గడిపారు. చూపు తిరిగొచ్చినా మైక్రోస్కోపుతో గంటల తరబడి పని చేసే వీలు లేకపోయింది. దాంతో మొక్కలతో పాటు మనుషులు బతికే చోట్ల మీదా మనసు పెట్టారు.

వార్డెన్ లేని హాస్టల్

1886లో అన్నా మోర్టన్‌ను పెళ్లాడారు. కొత్త కాపురం ఎడిన్‌బరో పాతబస్తీలోని మురికివాడకు మార్చారు. ఇరుగుపొరుగును కలుపుకొని గోడలకు సున్నం వేశారు. ఖాళీ జాగాల్లో తోటలు పెంచారు.

అప్పట్లో ఎడిన్‌బరో యూనివర్సిటీకి హాస్టల్ లేదు. పిల్లలు అద్దె గదుల్లో ఎవరికి వారుగా ఉండేవారు. 1887లో గెడ్డిస్ దంపతులు ఆ పాతబస్తీ ఇళ్లనే బాగుచేయించి వసతిగృహం తెరిచారు. మొదట చేరింది ఏడుగురే. వార్డెన్ లేడు. నియమాలు, ఖర్చులు, కొత్తవారిని చేర్చుకోవడం అన్నీ విద్యార్థుల ఇష్టమే. తాము నడిపే ఇల్లు కాబట్టి తమదే అనుకున్నారు. తర్వాత పదేళ్లలో అది పెరిగి, కోట పక్కన రామ్సే గార్డెన్ దాకా విస్తరించింది.

ఇంత దూరం వచ్చి...

1914లో మనదేశానికి బయల్దేరారు. నగర పటాల ప్రదర్శన సామగ్రి వస్తున్న ఓడను ఎండెన్ ముంచేసింది. మద్రాసుపై గుళ్లు కురిపించిన జర్మన్ నౌకే అది. మిత్రులు మళ్లీ పటాలు సేకరించి పంపారు. 1915లో మద్రాసులోనే ప్రదర్శన పెట్టారు.

1917 ఆయన్ను కుంగదీసింది. పెద్ద కొడుకు యుద్ధంలో చనిపోయాడు. మంచం పట్టిన అన్నాకు ఆ కబురు చెప్పలేకపోయారు. కొద్ది వారాలకే ఆమె కూడా ఇక్కడే కన్నుమూశారు.

అయినా పని ఆపలేదు. ప్లేగు భయంతో ఉన్న ఇందూరులో దీపావళి ఊరేగింపు చేయించారు. ఏ వీధివాళ్లు బాగా శుభ్రం చేసుకుంటే ఆ వీధి గుండానే ఊరేగింపు! జనం పోటీపడి ఇళ్లు, వీధులు కడుక్కున్నారు.

ఉస్మానియాకు చోటు

1919 నుంచి 1924 వరకు బొంబాయి యూనివర్సిటీలో సామాజికశాస్త్రం ఆచార్యులుగా ఉన్నారు. ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వం పిలిచింది. హైదరాబాద్ చుట్టుపక్కల స్థలాలు పరిశీలించి 1923లో ఉస్మానియాపై నివేదిక ఇచ్చారు. భవనాల నమూనాలు ఎర్నెస్ట్ జాస్పర్ గీశారు.

తర్వాత ఫ్రాన్సులోని మాంట్‌పెలియెలో విద్యార్థుల కోసం మరో వసతిగృహం కట్టుకుంటూ, 1932 ఏప్రిల్ 17న అక్కడే కన్నుమూశారు. ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది 1934లో. అది చూడ్డానికి దొర లేరు.