చిటికెడు ఉప్పు వెనుక మన తెలుగు డాక్టరు – వులిమిరి రామలింగస్వామి



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం చదువుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము ఒక డాక్టరు గారి గురించి రాయదలచుకున్నాం. వైద్య ప్రపంచంలో ఆయనను ఎరగనివారు లేరు. కానీ మన వికారాబాద్, తాండూరు హాస్టళ్లలో చదువుకునే వారిలో ఆయన పేరు విన్నవారు తక్కువే. ఆయన చేసిన మేలు మాత్రం రోజూ రెండు పూటలా మన పళ్లెంలోకి వస్తోంది. కందిపప్పులోనూ, చారులోనూ కలిసి కనబడకుండా పోతోంది. ఆయనే డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు.

రామలింగస్వామి గారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొందారు. ఆ తరువాత ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి 1951లో డాక్టరేటు అందుకున్నారు. అంత చదువు చదివినవారు పెద్ద పట్నంలో ఆస్పత్రి పెట్టుకుని సుఖంగా ఉండవచ్చు. ఆయన ఆ దారిన పోలేదు. నీలగిరి కొండల్లోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయంలో చేరి, తిండి చాలక వచ్చే జబ్బుల మీద పని చేశారు. మాంసకృత్తులు అందని పసిపిల్లల కాళ్లు ఎందుకు వాస్తాయి, కాలేయం ఎందుకు చెడుతుంది అన్నవి ఆయన పరిశోధించిన విషయాలు. 1950వ దశకం చివర్లో హైదరాబాద్‌కు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది ఆ పరిశోధనాలయమే.

ఆయనకు శాశ్వతమైన కీర్తి తెచ్చిన పని అర్థం కావాలంటే మన మెడలో ఉన్న ఒక చిన్న గ్రంథి గురించి ముందుగా తెలుసుకోవాలి. పదో తరగతి తమ్ముళ్లు నియంత్రణ, సమన్వయం పాఠంలో దీన్ని చదివే ఉంటారు. మేము జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

మన శరీరంలో కబురు రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి నరాల దారి, ఇది వేగంగా పోతుంది. రెండవది రక్తం దారి. కొన్ని గ్రంథులకు నాళాలు ఉండవు. అవి తయారు చేసిన రసాయనాన్ని నేరుగా రక్తంలోకి వదులుతాయి. ఆ రసాయనాలకు 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త హార్మోన్లు అని పేరు పెట్టారు. మెడ ముందు భాగంలో, సీతాకోకచిలుక రెక్కలు చాపినట్టుండే అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, అలాంటిదే. అది తయారు చేసే థైరాక్సిన్ ఒంట్లోని ప్రతి కణం ఎంత చురుకుగా పని చేయాలో నిర్ణయిస్తుంది. ఒంటి వేడి, గుండె వేగం, ఎదుగుదల దాని మీద ఆధారపడతాయి. కప్పపిల్ల తోక పోయి కాళ్లు వచ్చి కప్పగా మారేది కూడా ఈ హార్మోన్ వల్లనే. అన్నిటికంటే ముఖ్యంగా తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తొలి సంవత్సరాల్లోనూ బిడ్డ మెదడు ఎదగడానికి ఇది తప్పనిసరి.

ఈ గ్రంథి మీద ఇద్దరు అధికారులు ఉన్నారు. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి చెబుతుంది, పీయూష గ్రంథి థైరాయిడ్‌కు చెబుతుంది. మన హాస్టల్ భాషలో అయితే హైపోథాలమస్ వార్డెన్ సారు, పీయూష గ్రంథి మెస్ ఇన్‌చార్జి, థైరాయిడ్ వంట మనిషి. సరిపడా వండగానే పైనుండి వచ్చే ఆజ్ఞ తగ్గుతుంది. తక్కువైతే ఆజ్ఞ పెరుగుతుంది. మరి వంటకు సరుకే రాకపోతే? థైరాక్సిన్ ఒక్క అణువు తయారు కావాలంటే నాలుగు అయోడిన్ పరమాణువులు కావాలి. అయోడిన్ అందనప్పుడు పైనుండి ఇంకా వండు, ఇంకా వండు అని కబురు వస్తూనే ఉంటుంది. వంట మనిషి పొయ్యిలు పెంచుతాడు, గిన్నెలు పెంచుతాడు, వంటగది పెద్దదవుతుంది. అన్నం మాత్రం ఉడకదు. ఆ విధంగా థైరాయిడ్ ఉబ్బి మెడ ముందు గడ్డలా వేలాడుతుంది. దానినే గాయిటర్ లేక గళగండం అంటారు.

పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. 70 ఏళ్లు బతికిన మనిషికి జీవితం మొత్తానికి కావలసింది నాలుగు గ్రాముల లోపే. అంత కొంచెం కూడా కొన్ని నేలల్లో దొరకదు. అనంతగిరి కొండల మీద గట్టి వాన పడినప్పుడు మట్టి ఎర్రటి నీళ్లుగా కిందికి పోవడం మనందరం చూసిందే. హిమాలయాల్లో వేల ఏళ్లుగా మంచూ వానా కలిసి నేలలోని అయోడిన్‌ను అలాగే కడిగేశాయి. ఆ నేలలో పండిన గింజలోనూ, ఆ గడ్డి తిన్న పశువు పాలలోనూ అయోడిన్ చాలినంత ఉండదు. అందుకే ఆ కొండ పల్లెల్లో ఇంటింటా మెడ వాపులు ఉండేవి. కొన్ని కుటుంబాల్లో పొట్టిగా, చెవిటి మూగలుగా, మందబుద్ధితో పిల్లలు పుట్టేవారు. ఆ స్థితినే క్రెటినిజం అంటారు.

దీనికి కారణం ఏమిటనే విషయంలో చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. కూనూరు పరిశోధనలకు ఆద్యుడైన మెకారిసన్ దొర 20వ శతాబ్దం తొలినాళ్లలో గిల్గిట్ ప్రాంతంలో పరిశోధించి, మురికి నీళ్లే కారణమని భావించారు. మరోవైపు స్విట్జర్లాండ్ 1922లో, అమెరికాలోని మిషిగన్ 1924లో ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టాయి. మన దేశంలో కారణం ఏది, ఉపాయం ఏది అని లెక్కతో తేల్చవలసిన పని మిగిలిపోయింది. ఆ పనిని రామలింగస్వామి గారు, ఆయన సహచరులు చేపట్టారు.

1956లో కాంగ్రా లోయలో ఆ పరిశోధన మొదలయింది. ఆ ప్రాంతం అప్పుడు పంజాబ్‌లో ఉండేది, నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. లక్షకు పైగా జనం ఉన్న ప్రాంతాన్ని ఏ, బి, సి అని మూడు భాగాలు చేశారు. మూడింటిలోనూ వందకు సుమారు 38 మందికి గాయిటర్ ఉంది. ఏ భాగానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, సి భాగానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు పంపారు. బి భాగానికి మామూలు ఉప్పే పంపారు. వాళ్లు తాగే నీళ్లు మార్చలేదు, తిండి మార్చలేదు, ఇళ్లు మార్చలేదు. మార్చింది ఉప్పు ఒక్కటే. ఎక్కువ ఉన్నవాడైనా లేనివాడైనా ఉప్పు కొనక తప్పదు, రోజూ కొంచెమే తింటాడు. మందు ఇంటింటికీ చేరడానికి అంతకంటే మంచి దారి లేదు.

ఆరేళ్లు గడిచాయి. 1962లో చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న ఏ భాగంలో గాయిటర్ సుమారు 19 శాతానికి, సి భాగంలో 15 శాతానికి దిగింది. మామూలు ఉప్పు తిన్న బి భాగంలో 40 శాతం దగ్గరే నిలిచింది. ఇక సందేహానికి తావు లేదు. ఫలితం తేలగానే బి భాగం ప్రజలకు కూడా అయోడిన్ ఉప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. 1968 నాటికి అక్కడ కూడా సుమారు 17 శాతానికి తగ్గింది. ఈ విషయం మమ్మల్ని చాలా ఆకట్టుకుంది. పోల్చి చూడడం కోసం పేదవాళ్లను ఒక పక్కన ఉంచడం తేలిక. రుజువు దొరకగానే వాళ్ల బాకీ తీర్చడం కూడా శాస్త్రంలో భాగమే.

1962లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. మొదట కొండ ప్రాంతాల జబ్బే అనుకున్నారు. సర్వేలు చేసిన కొద్దీ మైదానాల్లో కూడా అయోడిన్ లోపం ఉన్నదని తేలింది. 1980వ దశకంలో ఎయిమ్స్ పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గోండా వంటి జిల్లాల్లో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తం పరీక్షించగా, థైరాక్సిన్ చాలని శిశువులు మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించారు. మెడ మీద గడ్డ కళ్లకు కనబడుతుంది. మెదడుకు జరిగే నష్టం కనబడదు. దేశమంతటికీ అయోడిన్ ఉప్పే అందించాలని ప్రభుత్వం 1980వ దశకంలో నిర్ణయించింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధం 1998లో వచ్చి, 2000లో రద్దయి, మళ్లీ 2006 మే నుండి అమలులోకి వచ్చింది.

రామలింగస్వామి గారు 1957లో ఎయిమ్స్‌లో పెథాలజీ ప్రొఫెసరుగా చేరి, 1969 నుండి 1979 వరకు ఆ సంస్థ డైరెక్టరుగా పని చేశారు. ఆ తరువాత 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. 1965లో భట్నాగర్ బహుమతి, 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం రేగినప్పుడు నిజానిజాలు తేల్చే సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1996లో యూనిసెఫ్ కోసం మరి ఇద్దరితో కలిసి ఒక వ్యాసం రాశారు. మన దక్షిణాసియా పిల్లలు ఆఫ్రికా పిల్లలకంటే కూడా బరువు తక్కువగా ఎందుకున్నారన్నది అందులోని ప్రశ్న. ఇంట్లో ఆడవాళ్లకు తిండి, విశ్రాంతి, విలువ తక్కువ కావడమే పెద్ద కారణమని అందులో చెప్పారు. 2001 మే 28న ఆయన కన్నుమూశారు. నేడు మన హాస్టల్లో చదువుతున్న తమ్ముళ్లెవరూ అప్పటికి పుట్టలేదు.

ఈ జీవితాన్ని మన సంచికకు ఎందుకు ఎంచుకున్నామో చెప్పి ముగిస్తాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదట. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. మనలాంటి ఇళ్ల పిల్లలను చూసి చదువు వీళ్ల రక్తంలో లేదు, మొద్దులు, వీళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు అనే మాట ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. కాంగ్రా లోయలోని పిల్లలను కూడా పుట్టుకతోనే అంతే అని వదిలేసి ఉంటే వాళ్ల బతుకులు అలాగే తెల్లారేవి. రామలింగస్వామి గారు పిల్లల్లో లోపం వెదకలేదు. వాళ్లకు అందనిది ఏమిటో వెదికారు. అది దొరికాక అందించే దారి కూడా చూపించారు. ఎవరినైనా తెలివి లేనివాడు అనే ముందు వాడికి ఏమి అందలేదో చూడాలని ఆయన పని మనకు నేర్పుతోంది. తిండి కావచ్చు, పుస్తకం కావచ్చు, వెలుతురు కావచ్చు, ఓపికగా చెప్పే మాస్టారు కావచ్చు.

తమ్ముళ్లారా, ఒక చిన్న పని మనం కూడా చేయవచ్చు. మెస్‌లో ఉప్పు ప్యాకెట్ విప్పాక మూత ఉన్న డబ్బాలో పోసి, పొయ్యికి, తడికి దూరంగా పెట్టించండి. కూర ఉడికాక చివర్లో ఉప్పు వేస్తే అయోడిన్ ఎక్కువగా నిలుస్తుంది. ఇంటికి పోయినప్పుడు, దొడ్డుప్పు కడిగి వాడే అలవాటు ఉంటే మాన్పించి, అయోడిన్ గుర్తు ఉన్న ఉప్పే వాడమని అమ్మకు చెప్పండి. ముఖ్యంగా కడుపుతో ఉన్న అక్కలకు, వదినలకు చెప్పండి. పుట్టబోయే బిడ్డ చదువు అక్కడే మొదలవుతుంది.

డాక్టర్ రామలింగస్వామి గారికి మన హాస్టల్ తరఫున జోహార్లు అర్పిస్తూ, మన తమ్ముళ్లలో నుండి కూడా అలాంటి పరిశోధకులు రావాలని మనసారా కోరుకుంటున్నాం.