వానలో అందుకున్న కప్పు
గోల్ఫ్ దొరల ఆట అంటాం. డర్బన్‌లో ఆ దొరల బ్యాగులు మోసిన భారత సంతతి కుర్రాడే పాప్వా సెవ్‌గోలుమ్. చదువు లేదు. చూసి చూసి ఒంటికి పట్టించుకున్న ఆట. కర్ర మీద అందరికీ కుడిచెయ్యి కిందుంటే ఇతనికి ఎడమచెయ్యి కింద! పట్టు తిరగబడ్డా స్వింగ్‌లో లయ మాత్రం తప్పలేదు. అదే పట్టుతో 1959, 1960, 1964లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నాటల్ ఓపెన్ గెలిస్తే, తెల్లవాళ్ల క్లబ్‌హౌస్‌లోకి రానివ్వకుండా బయట వానలోనే కప్పు చేతికిచ్చారు. 1965లో అక్కడే గ్యారీ ప్లేయర్‌ని సైతం ఓడించాడు. తర్వాత ప్రభుత్వం పోటీల్లోంచి తప్పించింది, పాస్‌పోర్టూ లాగేసుకుంది. పాస్‌పోర్టు చేతిలో లేకపోతే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా? 1978లో పేదరికంలోనే పోయాడు. డర్బన్‌లో ఒక గోల్ఫ్ కోర్సుకు అతని పేరు పెట్టారు.