సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్: పాలకుల కాగితాల్లో మిగిలిన ప్రజానాయకుడు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్ నడిబొడ్డున ఉన్న జైస్తంభ్ చౌక్‌లో ఏటా డిసెంబరు 10న ప్రజలు, ప్రభుత్వ ప్రతినిధులు ఒక గిరిజన జమీందారుకు నివాళులర్పిస్తారు. 1857లో అదే తేదీన ఈస్టిండియా కంపెనీ పాలకులు రాయ్‌పుర్‌లో ఆయనను ఉరితీశారు. ఆయనే సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్. ఛత్తీస్‌గఢ్ ఆయనను తన తొలి స్వాతంత్ర్య సమర అమరవీరుడిగా గౌరవిస్తోంది.

నారాయణ్ సింగ్ 1795లో బింఝ్వార్ గిరిజన తెగలో జన్మించారు. నేటి బలౌదాబజార్–భాటాపారా జిల్లాలోని అటవీ గ్రామం సోనాఖాన్ ఆ జమీందారీకి కేంద్రం. ఆయన తండ్రి రామ్‌రాయ్ 1818–19 ప్రాంతంలోనే కంపెనీ అధికారాన్ని ఎదిరించిన వ్యక్తి. తండ్రి అనంతరం జమీందారీ బాధ్యత స్వీకరించిన నారాయణ్ సింగ్ ప్రజల మధ్యనే జీవించారు. నరభక్షక పులిని వధించినందుకే ఆయనకు వీర అనే బిరుదు దక్కిందని జనశ్రుతి. కబరా అనే గుర్రంపై ఊరూరా తిరిగి రైతుల కష్టసుఖాలు విచారించేవారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు.

1854లో నాగ్‌పుర్ భోంస్లే రాజ్యం కంపెనీ వశమైంది. దానితోపాటే ఛత్తీస్‌గఢ్ కూడా బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. రాయ్‌పుర్‌లో డిప్యూటీ కమిషనర్‌గా చార్లెస్ ఇలియట్ బాధ్యతలు చేపట్టారు. అప్పటివరకు జమీందారు మాటే శాసనంగా సాగిన అటవీ పల్లెలకు కొత్త చట్టం, కొత్త కచేరి పరిచయమయ్యాయి.

1856లో వానలు మొహం చాటేయడంతో సోనాఖాన్ ప్రాంతాన్ని దుర్భిక్షం కమ్ముకుంది. పల్లెల్లో తిండిగింజలు అడుగంటినా, కస్డోల్ వర్తకుడు మాఖన్ గిడ్డంగిలో మాత్రం ధాన్యం నిండుగా ఉంది. కొత్త పంట చేతికి రాగానే తిరిగి ఇస్తామని, అప్పటివరకు ధాన్యాన్ని అప్పుగా ఇవ్వాలని నారాయణ్ సింగ్ కోరారు. వర్తకుడు అంగీకరించలేదు. దాంతో జమీందారు గిడ్డంగి తాళాలు పగులగొట్టించి, ధాన్యాన్ని ఆకలితో ఉన్న కుటుంబాలకు పంచిపెట్టారు.

ఆ తరువాత ఆయన చేసిన పని ఈ గాథకు ప్రాణం. జరిగినదంతా వివరిస్తూ స్వయంగా డిప్యూటీ కమిషనర్‌కు లేఖ పంపారు. దొంగతనం చేసినవాడు సర్కారుకు కబురు పంపడు. కరవువేళ ప్రజల ప్రాణాలు నిలపడం జమీందారుగా తన ధర్మమని ఆయన భావించారు. తెలుగువారికి ఇక్కడ అల్లూరి సీతారామరాజు స్ఫురించడం సహజం. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్‌స్టేషన్ నుంచి ఆయుధాలు తీసుకున్న అల్లూరి, ఏమేమి తీసుకున్నదీ అక్కడే రాతపూర్వకంగా నమోదు చేసి వెళ్లారు. ఇద్దరూ తమ చర్యను దాచుకోలేదు.

కంపెనీ చట్టం ఆ భేదాన్ని పట్టించుకోలేదు. వర్తకుడి ఫిర్యాదుపై ఇలియట్ అరెస్టుకు ఆదేశించారు. 1856 అక్టోబరు 24న సంబల్‌పుర్‌లో పట్టుబడిన నారాయణ్ సింగ్‌ను దోపిడీ నేరం మోపి రాయ్‌పుర్ జైలులో బంధించారు.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో బానిసత్వంపై ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ జీవితాన్ని దీని పక్కన ఉంచి చూడవచ్చు. 1859 అక్టోబరులో బ్రౌన్ కొద్దిమంది అనుచరులతో వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై దాడిచేసి పట్టుబడ్డారు. అదే ఏడాది డిసెంబరు 2న ఆయనను ఉరితీశారు. ఆ మధ్య ఆరు వారాల్లో జైలు నుంచి భార్యాపిల్లలకు, మిత్రులకు ఆయన అనేక లేఖలు రాశారు. కొన్ని అప్పుడే పత్రికల్లో వెలువడ్డాయి. అమెరికా గ్రంథాలయాలు, చరిత్ర సంఘాలు నేటికీ వాటిని భద్రపరుస్తున్నాయి. బ్రౌన్‌ను నేరస్థుడనేవారూ, మహాత్ముడనేవారూ ఆయన మాటలనే చదివి తీర్పు చెప్పగలరు. నారాయణ్ సింగ్‌కు ఆ అవకాశం దక్కలేదు. ఆయన జీవితంలోని తేదీలు, ఘట్టాలు ప్రధానంగా ఆయనను బంధించి ఉరితీసిన అధికారుల ఉత్తరప్రత్యుత్తరాల ద్వారానే మనకు చేరాయి. అవి ఆయనను నేరస్థుడిగా చూసిన కాగితాలు. వాటిలో లేని ఆయన వ్యక్తిత్వాన్ని పల్లెల పాటలు, కథలు నిలబెట్టాయి.

1857 మే నెలలో మీరట్‌లో మొదలైన తిరుగుబాటు వార్తలు రాయ్‌పుర్ సైనిక శిబిరానికీ చేరాయి. ఆగస్టు 28న సిపాయిల సాయంతో నారాయణ్ సింగ్ జైలు నుంచి తప్పించుకున్నారు. సోనాఖాన్ చేరి సుమారు 500 మందితో సేనను సమకూర్చుకున్నారు. కంపెనీ తరఫున స్మిత్ అనే సైనికాధికారి బలగాలతో బయలుదేరారు. ఇరుగుపొరుగు జమీందార్లలో కొందరు కంపెనీ పక్షాన చేరారు. బంధువైన దేవరీ జమీందారు మహారాజ్ సాయ్ సైతం వారిలో ఉన్నారు.

స్మిత్ సేనలు సోనాఖాన్‌ను తగలబెట్టాయి. కొండల్లోంచి పోరు సాగించిన నారాయణ్ సింగ్ డిసెంబరు 2న లొంగిపోయారు. తన కోసం ప్రజలు మరింత నలిగిపోకూడదనే ఆయన ఆ నిర్ణయం తీసుకున్నారని ప్రాంతీయ చరిత్రకారులు రాశారు. తిరుగుబాటు నేరంపై హడావుడిగా విచారణ ముగించి, లొంగిపోయిన ఎనిమిదో రోజున ప్రాణం తీశారు.

ఆ ఉరి భయాన్ని నాటుతుందని అధికారులు ఆశించారు. నలభై రోజులు తిరగకముందే, 1858 జనవరి 18న, రాయ్‌పుర్ దళంలో మ్యాగజీన్ లష్కర్‌గా పనిచేస్తున్న హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్వెల్‌ను హతమార్చి తిరుగుబాటు లేవదీశారు. హనుమాన్ సింగ్ చిక్కలేదు. ఆయన సహచరులు 17 మందిని జనవరి 22న ఉరితీశారు.

భారత తపాలా శాఖ 1987లో వీర నారాయణ్ సింగ్ స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. నవ రాయ్‌పుర్‌లోని అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. గిరిజనాభ్యుదయానికి కృషి చేసినవారికి రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారం అందజేస్తోంది. 2025 నవంబరు 1న, రాష్ట్ర అవతరణ రజతోత్సవం నాడు, గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియం కూడా ఆయన పేరుతోనే ప్రారంభమైంది.

కంపెనీ దస్త్రాల్లో ఆయన దోపిడీ నేరం మోయవలసి వచ్చింది. కానీ ఆ నేరానికి తొలి సమాచారం ఇచ్చిన పత్రాల్లో ఆయన సొంత లేఖ ఉంది. ఆకలిగొన్నవారికి గింజలు పంచి, ఆ సంగతిని తానే సర్కారుకు తెలియజేసిన మనిషిని దోపిడీదారుగా చూడటానికి ఛత్తీస్‌గఢ్ పల్లెలు నాడూ ఒప్పుకోలేదు, నేడూ ఒప్పుకోవడం లేదు.