బంతిమైదానమున బడిపంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గారి జీవితము

మన పెద్దలు కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడ యెక్కి రంగూను చేరిన నాడు వారి చేతిలో నుండినది మేస్త్రీ యిచ్చిన బయానా సొమ్ము. నెత్తిమీద నుండినది దాని బాకీ. రేవులో మూటలు మోసినను, బియ్యపు మిల్లులో పాటుపడినను, రిక్షా లాగినను, వారు బయలుదేరిన రేవు పేరే వారికి ఎగతాళి పేరైనది. కొరంగీ అను మాట ఊరి పేరుగా పుట్టి, కూలివాని పేరుగా మారి, కడకు తక్కువవాడను అర్థమున వాడబడెను. మనుష్యుని అతని పుట్టుకను బట్టియు, తండ్రి పనిని బట్టియు కొలుచుట ఎంత బాధాకరమో మన కుటుంబములకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి కొలతను ఆటస్థలమున చెల్లనీయని ఒక బడిపంతులు జీవితమును ఈ సంచికలో పాఠక మహాశయులకు మనవి చేయుచున్నాము.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. అది నిజాము ప్రభువుల పాలనాకాలము. నగరమున ఉర్దూ, తెలుగు భాషలు ప్రక్కప్రక్కనే వినబడుచుండెను. దాపుననే సికిందరాబాదు దండులో ఆంగ్లేయుల పటాలములు విడిసియుండెను. ఆ పటాలముల మూలముననే ఫుట్‌బాలు ఆట జంటనగరములలో వ్యాపించినది. దొరలు బూట్లు తొడిగి ఆడిన ఆటను పేటల పిల్లలు వట్టికాళ్లతో నేర్చుకొనిరి. రహీం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విద్యాలయపు జట్టులో ఆడిరి. పట్టభద్రులైన పిదప ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమాను గూడ సంపాదించిరి. తుదివరకును ఆయన నడవడియందు ఉపాధ్యాయుని లక్షణమే ప్రధానమై యుండెను.

1943వ సంవత్సరమున ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. ఆ కాలముననే నగర పోలీసు జట్టునకు శిక్షకులుగా బాధ్యత వహించిరి. ఆనాడు భారతదేశమున ఆటయే జీవనోపాధి కాదు. పోలీసుశాఖలోనో, రైల్వేలోనో, సైన్యములోనో ఒక ఉద్యోగము దొరికినప్పుడే ఆటగాని ఇంట పొయ్యి వెలుగును. కలవారి బిడ్డకు ఆట వినోదము. లేనివారి బిడ్డకు ఆట అనగా ఆ పూట కూలి పోగొట్టుకొనుట. కావున పేదయింటి తలిదండ్రులు కొడుకు బంతి వెంట పరుగెత్తుటను చూచి కోపించిన, అది వారి తప్పని చెప్పజాలము. బంతి బాగుగా తన్నగల కుఱ్ఱవానికి పోలీసు కొలువు దొరకునని తెలిసిన పిదప, ఇంటివారు ఆటను చూచు చూపు మారినది.

రహీం గారి శిక్షణ బడిలో పాఠము చెప్పునట్లే సాగెడిది. బంతిని నిర్ణీతమైన ఎత్తునకు మించి లేపరాదను నియమముతో పోటీలు పెట్టిరి. బలము తక్కువైన కాలితోనే తన్నవలెనను నియమముతో మరికొన్ని నడపిరి. బంతిని తనయొద్ద ఉంచుకొని ఒంటరిగా ముందునకు పోరాదను పోటీలను గూడ ఏర్పరచిరి. ఈ నియమముల ముందు కండబలము కలవాడును, పేరున్న ఇంటివాడును, బక్కపలుచని బస్తీ కుఱ్ఱవాడును సమానులే. తోటివానికి బంతిని సకాలమున అందించినవాడే అక్కడ మంచి విద్యార్థి.

ఇట్టి విద్యార్థులలో తులసీదాసు బలరామ్ ఒకరు. 1936లో సికిందరాబాదు సమీపమునగల అమ్ముగూడ గ్రామమున ఒక పేద తమిళ కుటుంబమున జన్మించిన ఈయనకు క్రొత్త బూట్లు కొను స్తోమతు లేదు. పోలీసువారి పాత బూట్లను చెప్పులు కుట్టువానిచే ఆటకు తగునట్లు మార్పించుకొని ఆడెను. అమ్ముగూడ నుండి హైదరాబాదు మైదానమునకు రోజూ వచ్చిపోవుటకు చేతిలో పైకము లేకుండెను. ఆ కుఱ్ఱవాని ఆటను చూచిన రహీం గారు సైకిలు అద్దెకు తానే డబ్బిచ్చి శిక్షణకు రప్పించిరి. నేర్పున్నను దారిఖర్చు లేక ఇంటనే నిలిచిపోవు పిల్లలు ఎందరో ప్రతి ఊరనుందురు. వారికిని మైదానమునకును నడుమనున్న అడ్డు ఒక్కొక్కప్పుడు సైకిలు అద్దె మాత్రమే. బలరామ్ 1956 నాటికి ఒలింపిక్ ఆటగాడయ్యెను.

ఇట్టి పిల్లలతోను, పోలీసు జవానులతోను కూడిన జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు తుదిపోటీయందు కలకత్తాకు చెందిన మోహన్ బగాను జట్టును ఓడించెను. బొంబాయిలో ఆనాడు జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలుచుకొనెను. ఫుట్‌బాలు అనగా కలకత్తాయే అను తలంపు గాఢముగా నున్న దినములలో, దక్షిణాదినుండి వచ్చిన జవానుల జట్టు ఇట్లు నిలబడుట చిన్న విషయము కాదు.

భారత జట్టునకు గూడ రహీం గారే శిక్షకులైరి. 1951లో ఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో గెలిచి భారతదేశము స్వర్ణపతకము పొందెను. మరుసటి యేట హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరపరాజయము కలిగెను. మన ఆటగాండ్రలో పలువురు చలిలో వట్టికాళ్లతోనే ఆడియుండిరి. ఆ పిమ్మట అఖిల భారత సంఘము బూట్లను తప్పనిసరి చేసెను. నియమము మంచిదే గాని, పేదవానికి అది క్రొత్త ఖర్చు. బలరామ్ వంటివాడు పాత పోలీసు బూట్లను వెదకుకొనవలసి వచ్చినదందుకే.

1953లో భారత్, పాకిస్థాన్, బర్మా, సింహళము జట్ల నడుమ జరిగిన చతుర్దేశ పోటీలకు మన రంగూను నగరమే వేదికయైనది. ఆ కప్పు భారత జట్టునకే దక్కెను. మూడేండ్ల పిదప 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో రహీం గారి జట్టు ఆతిథేయ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టున నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మొదలగు హైదరాబాదు ఆటగాండ్రు పలువురుండిరి. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు, సిక్కులు, వేర్వేరు భాషలవారు ఆయన క్రింద ఒకే పాఠము నేర్చుకొనిరి.

ఇచట ఆయన కుటుంబమును గూర్చి చెప్పవలెను. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1939లో జన్మించెను. తండ్రి వలెనే ఫుట్‌బాలును ప్రేమించి, భారత వాయుసేనలో చేరి, సర్వీసెస్ జట్టున ఆడెను. 1960 రోము ఒలింపిక్సునకు వెళ్లిన భారత జట్టులో అతనికి స్థానము లభించెను. ఆ జట్టునకు శిక్షకుడు తండ్రియే. అచట భారతదేశము హంగరీ, ఫ్రాన్సు, పెరూ జట్లతో మూడు ఆటలు ఆడినది. ఫ్రాన్సుతో 1-1గా సమముగా ముగించినది. ఆ మూడింటిలో ఒక్కదానియందును హకీం మైదానములోనికి దిగలేదు. రెండేండ్లకు జకార్తా ఆసియా క్రీడలకు జట్టును ఎన్నుకొన్నప్పుడు అతని పేరు అందులో లేకుండెను. శిక్షకుని కుమారుడను మాట అతనికి మైదానపు తలుపు తెరువలేదు. అమ్ముగూడ పేదపిల్లవాడు రోములోను, జకార్తాలోను ఆడగా, పంతులుగారి అబ్బాయి జకార్తాకు వెళ్లకయే నిలిచెను. ఒక తండ్రికి ఇంతకంటె కఠినమైన పరీక్ష వేరేమి యుండును?

1962లో జకార్తా చేరునాటికే రహీం గారి శరీరమును క్యాన్సరు వ్యాధి పట్టి పీడించుచుండెను. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో జట్టు 2-0తో ఓడెను. అటుపైన థాయిలాండును, జపానును గెలిచి, దక్షిణ వియత్నామును 3-2తో దాటి తుదిపోటీ చేరెను. ఇజ్రాయేలు, తైవాను జట్లను రానీయని కారణమున ఆ క్రీడలలో రాజకీయ వివాదము రేగి, భారత జట్టునకు ప్రేక్షకులు ప్రతికూలురైరి. తలకు దెబ్బ తగిలిన రక్షకుడు జర్నైల్ సింగును రహీం గారు ముందు వరుసలో ఆడించిరి. సెప్టెంబరు 4వ తేదీన అదే దక్షిణ కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగు చెరియొక గోలు చేయగా భారతదేశము 2-1తో స్వర్ణము గెలిచెను. తరువాత తొమ్మిది మాసములకు, 1963 జూన్ 11వ తేదీన, రహీం గారు పరమపదించిరి. ఆ స్వర్ణము తరువాత నేటివరకును భారత ఫుట్‌బాలునకు ఆసియా క్రీడలలో మరియొక స్వర్ణము రాలేదు.

హకీం మాత్రము ఆటను విడువలేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరు పదవికి ఎదిగి, అంతర్జాతీయ రిఫరీయై, శిక్షకుడై, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారమును పొంది, 2021లో కన్నుమూసెను. తండ్రి నీడలో దొరకని గౌరవము తన కష్టముతో అతనికి దొరికినది. తులసీదాసు బలరామ్ 2023లో స్వర్గస్థుడయ్యెను.

మనము నివసించిన ఈ బర్మా దేశము గూడ ఇదే పాఠమును చూచినది. గూర్ఖా సంతతికి చెందిన సుక్ బహదూర్ బర్మా జట్టునకు నాయకత్వము వహించెను. 1966లోను, 1970లోను బాంకాకు ఆసియా క్రీడలలో బర్మా ఫుట్‌బాలు స్వర్ణమును సాధించెను. వలసవచ్చిన వారి బిడ్డయని ఆనాడు అతనిని ప్రక్కకు నెట్టియుండినచో నష్టపడునది దేశమే.

మన యిండ్లలో రెండు పొరపాట్లు కానవచ్చుచున్నవి. కూలివాని కొడుకునకు ఆటలేలయని బిడ్డను ఆపుట ఒకటి. నాలుగు డబ్బులు చేరిన పిదప మనవాడేయని పెద్దల పలుకుబడితో బిడ్డను ముందునకు నెట్టుట రెండవది. మొదటిది మన బిడ్డకు అన్యాయము; రెండవది పొరుగువాని బిడ్డకు అన్యాయము. రహీం సాహెబు గారు పొరుగింటి బిడ్డకు సైకిలు అద్దె ఇచ్చిరి. తన యింటి బిడ్డకు బంధుత్వపు సాయము చేయరైరి. మన సంఘములందును, పాఠశాలలందును, ఉత్సవ సందర్భమున జరుపు ఆటపోటీలందును ఈ రెండు పనులను జ్ఞాపకముంచుకొని నడచుకొన్నచో ఆ పంతులుగారి ఋణమును కొంత తీర్చుకొన్నవారమగుదుము. వారి జీవితము మన పిల్లలకును, వారికంటె ముందుగా మన పెద్దలకును మార్గదర్శకమగుగాక.