ఇబ్నెసీనా: వహముకు వైద్యం

వహముకు మందు లుఖ్మాన్ హకీము వద్ద కూడా లేదని ఉర్దూ మాట్లాడే ఇండ్లలో పెద్దలు తరచుగా అంటుంటారు. వహము అనే ఆ అరబ్బీ పదానికి తెలుగులో భ్రమ, శంక, అనుమానం అనే మాటలన్నీ కొంతకొంతగా సరిపోతాయి. లేనిదానిని ఉన్నదని గట్టిగా విశ్వసించి, ఎవరెంత చెప్పినా చలించని మనిషిని చూసి విసిగిపోయినవారు పుట్టించిన సామెత అది. ఆ సామెతకు లొంగని వైద్యుడొకడు వేయేండ్ల క్రితం ఉండేవాడు. తూర్పు దేశాలలో షేక్-ఉర్-రయీస్ అనే బిరుదుతోను, ఐరోపాలో అవిసెన్నా అనే పేరుతోను ప్రసిద్ధుడైన అబూ అలీ ఇబ్నెసీనాయే ఆయన. హైదరాబాదులో చార్మినారు ప్రక్కనున్న యునానీ వైద్యశాలకు వెళ్లే రోగి సైతం ఆయన శాస్త్రపు నీడలోనే చికిత్స పొందుతున్నాడు. ఆయనను మహాగ్రంథకర్తగా మన విద్యార్థులు ఎరుగుదురు. మతి చలించినవారిని ఆయన ఏ దృష్టితో చూశాడన్నది అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఇబ్నెసీనా క్రీ.శ. 980లో, హిజరీ 370లో, బుఖారా సమీపంలోని అఫ్షానా గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. బల్ఖ్ నుండి వచ్చిన తండ్రి సామానీ ప్రభువుల కొలువులో అధికారి. పదేండ్ల వయసుకే బాలుడు ఖురాన్‌ను కంఠస్థం చేశాడు. భారతీయ గణితాన్ని ఆయన ఒక కూరగాయల వర్తకుని వద్ద నేర్చుకొన్నాడు. మన దేశపు లెక్కలు అంత దూరాన ఒక అంగడివాని ద్వారా ఒక మేధావిని చేరడం ముచ్చటైన సంగతి. అరిస్టాటిల్ తత్త్వగ్రంథాన్ని నలభైసార్లు చదివినా బోధపడక విడిచిపెట్టిన సమయంలో, బజారులో మూడు దిర్హములకు కొన్న ఫారాబీ వ్యాఖ్యానం ఆయనకు దారి చూపింది. పదహారేండ్లు వచ్చేసరికే వైద్యులు ఆయన వద్ద పాఠం వినసాగారు. రోగపీడితుడైన సుల్తాను నూహ్ బిన్ మన్సూర్‌కు చికిత్స చేసినందుకు రాజగ్రంథాలయంలో ప్రవేశం లభించింది.

తండ్రి మరణానంతరం ఆయన జీవితం సంచారమైపోయింది. గుర్గంజ్, గుర్గాన్, అటు తరువాత నేటి టెహ్రాను చెంతనున్న రయ్ నగరం. రయ్‌లో నామమాత్రపు ప్రభువు మజ్దుద్దౌలా. నిజంగా పాలించినది ఆయన తల్లి. ఆ యువప్రభువు మాలిఖూలియాతో బాధపడుతుండగా ఇబ్నెసీనా చికిత్స చేశాడని శిష్యుడు జూజ్జానీ వ్రాసి ఉంచాడు. అకారణమైన భయం, దుఃఖం, భ్రాంతి కలగలసిన మనోవ్యాధికి నాటి వైద్యులు పెట్టిన పేరు మాలిఖూలియా. ఇది నేడు మనం స్కిజోఫ్రీనియా అంటున్న జబ్బుతో పూర్తిగా ఏకం కాదు. ఆ రెండవ పేరు 1908లో స్విస్ వైద్యుడు బ్లాయిలర్ కల్పించినది.

పిదప హమదాన్‌లో ఆయన షమ్సుద్దౌలాకు మంత్రి అయ్యాడు. సైనికులు తిరుగుబాటు చేసి ఇల్లు దోచుకొన్నారు. నలభై రోజులు ఒక మిత్రుని ఇంట దాగి ఉన్నాడు. షమ్సుద్దౌలా మరణించాక ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బందీగా గడిపాడు. అక్కడ ఆయన వ్రాసిన పుస్తకాలలో ప్రేగుల శూలను గురించిన గ్రంథం ఒకటి. చివరకు సూఫీ వేషంతో ఇస్ఫహాను చేరి అలాఉద్దౌలా ఆదరణలో స్థిరపడ్డాడు.

ఈ కాలానికి చెందినదిగా ఒక కథ ప్రసిద్ధమై ఉన్నది. దానిని సమర్ఖందుకు చెందిన నిజామీ అరూజీ తన చహార్ మఖాలాలో వ్రాశాడు. ఇబ్నెసీనా మరణించిన వందేండ్లకు పైబడి వ్రాసిన గ్రంథం కనుక అక్షరాలా చరిత్ర అనజాలం. బువైహీ రాజవంశపు యువకుడొకడు తాను ఆవునని నమ్మాడు. ఆవువలె అరచేవాడు. తనను కోసి నా మాంసంతో హరీసా వండండని ఇంటివారిని వేధించేవాడు. అన్నపానాలు మానివేశాడు. వైద్యులు ఓడిపోయారు. మంత్రిత్వపు పనులతో తీరిక లేని ఇబ్నెసీనా విషయం విని, కసాయివాడు వస్తున్నాడని రోగికి ముందుగా కబురు పంపాడు. తరువాత కత్తి చేతబట్టి, ఆవు ఎక్కడని అడుగుతూ తానే లోపలికి వెళ్లాడు. యువకుడు సంతోషంతో అరచి, ఇంటి నడుమకు వచ్చి ప్రక్కకు ఒరిగి పడుకొన్నాడు. కాళ్లు కట్టించారు. ఇబ్నెసీనా కత్తికి కత్తి రాచి, కసాయివారి పద్ధతిలో ప్రక్కటెముకలు తడిమి చూశాడు. ఆవు మరీ బక్కచిక్కి ఉన్నది, ఇప్పుడు కోయతగదు, బాగా మేపి బలిసిన తరువాత చూద్దామని చెప్పి లేచిపోయాడు. ఆనాటి నుండి బలియవలెననే ఆశతో యువకుడు పెట్టినదెల్లా తిన్నాడు. ఆహారంలో ఔషధాలు కలిపి ఇచ్చారు. ఒక నెలలో స్వస్థుడయ్యాడు.

ఈ కథను హాస్యకథగా చెప్పి నవ్వుకొనేవారే ఎక్కువ. నాకు మాత్రం నవ్వు రాదు. మా బస్తీలో ఒక యువకుడు ఇంట్లో వండిన అన్నంలో విషం కలుపుతున్నారని నమ్మాడు. తండ్రి కోపించాడు, అన్న ప్రతి ముద్దా ముందు తాను తిని చూపాడు, పెద్దలు ప్రమాణాలు చేశారు. ప్రతి ఋజువూ అతని శంకను మరింత పెంచింది. తుదకు చదువురాని తల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. పెంకు తీయని ఉడికించిన గుడ్లు, తొక్క తీయని అరటిపండ్లు అతని ముందు పెట్టి మౌనంగా లేచిపోయేది. వాటిలో విషం కలపడం సాధ్యం కాదని అతనికి తోచింది, తిన్నాడు. ఆసుపత్రికి తీసుకొని పోవడం అటు తరువాతనే సాధ్యమైంది. ఆమె చహార్ మఖాలా చదవలేదు.

వాదన ఎందుకు పనిచేయదో ఇబ్నెసీనా స్వయంగా యోచించాడు. షిఫా అనే తన గ్రంథంలో మనశ్శక్తులను వివరిస్తూ వహము అనే శక్తికి ప్రత్యేక స్థానమిచ్చాడు. తోడేలును చూచినంతనే గొర్రె పారిపోవడం ఆ శక్తి వల్లనే. నేలపై పరచిన పలకమీద అవలీలగా నడిచే మనిషి, అదే పలకను లోయకు అడ్డంగా వేస్తే నడవలేడని కూడా ఆయన చూపాడు. పలక వెడల్పు తగ్గలేదని అతనికి తెలుసు. తెలిసినా కాళ్లు వణుకుతాయి. వ్యాధికి కారణం నల్లని పిత్తమని ఖానూన్‌లో ఆయన వ్రాసినది నేడు నిలువదు. కాని మాలిఖూలియా రోగిని ఏదో ఒక వ్యాపకంలో ఉంచవలెననీ, సంగీతం వినిపించవలెననీ, ఏకాంతం, పనిలేకపోవడం కంటె అతనికి హానికరమైనది లేదనీ అదే గ్రంథంలో చెప్పాడు. గదిలో పెట్టి తాళం వేసే ఇండ్లు నేటికీ ఉన్నవి.

అయితే ఆవు కథలో ఒక లోపమున్నదని ఒప్పుకొనక తప్పదు. అది మోసం. ఫ్రాన్సులో విప్లవానంతరం పినెల్ అనే వైద్యుడు, తనను గిలటీన్‌కు పంపుతారని భయపడే ఒక దర్జీ కోసం ఉత్తుత్తి న్యాయస్థానం ఏర్పరచి నిర్దోషిగా తీర్పు చెప్పించాడు. దర్జీ కొంత కోలుకొన్నాడు. అదంతా నాటకమని తెలిసిన తరువాత జబ్బు తిరగబెట్టింది.

ఈ చిక్కును నేటి వైద్యులు వేరొక విధంగా విప్పజూస్తున్నారు. 1952లో అమెరికా వైద్యుడు ఏరన్ బెక్, తనను రహస్యంగా కనిపెట్టి ఉన్నారనే భ్రాంతి గల ఒక రోగికి సంభాషణ ద్వారా చేసిన చికిత్సను ప్రకటించాడు. క్లోర్‌ప్రోమజిన్ అనే మందు మనోవైద్యంలోకి వచ్చినదీ ఆ ఏడాదే. జర్మనీలోని హాంబర్గులో రూపొందిన ఒక శిక్షణ మరింత ఆసక్తికరం. రోగులను చిన్న బృందంగా కూర్చుండబెట్టి, వారి భ్రాంతి జోలికి మొదట పోకుండా, ఎవరికీ నొప్పి కలిగించని బొమ్మలు, చిక్కుప్రశ్నలు ఇస్తారు. అరకొర ఆధారంతో తొందరపడి నిర్ణయానికి రావడం, పొరబాటును పూర్తి ధీమాతో నమ్మడం మనుషులందరికీ ఉన్న అలవాటేనని వారే గుర్తిస్తారు. ఆ అలవాటును తరువాత తమ శంకకు వర్తింపజేసుకోవడం నేర్చుకొంటారు. ఇందులో దాపరికం లేదు. ఏమి చేస్తున్నదీ ముందే చెబుతారు. ఔషధాలకు ఇది తోడే గాని బదులు కాదు. ఫలితం కూడా ఒక నెలలో అద్భుతంగా వచ్చేది కాదు.

ఖానూన్ పన్నెండవ శతాబ్దంలో తొలేదోలో లాటిన్‌లోకి అనువాదమై, పదిహేడవ శతాబ్దం దాకా ఐరోపా విద్యాపీఠాలలో పాఠ్యగ్రంథంగా నిలిచింది. గ్రంథకర్త మాత్రం విశ్రాంతి ఎరుగలేదు. పగలు రాచకార్యం, రాత్రి రచన, పాఠాలు. 1037లో అలాఉద్దౌలా వెంట హమదాను వైపు ప్రయాణిస్తుండగా, ఫర్దజాన్ చెరలో తాను గ్రంథం వ్రాసిన ఆ శూలవ్యాధే ఆయనను మరల పట్టుకొన్నది. కొంతకాలం తనకు తానే చికిత్స చేసుకొన్నాడు. దేహాన్ని నడిపిన శక్తి అలసిపోయినదని గ్రహించి మందులు మానివేశాడు, ధనాన్ని బీదలకు పంచిపెట్టాడు, బానిసలను విడుదల చేశాడు. హిజరీ 428 రంజాను మాసంలో హమదాన్‌లో కన్నుమూశాడు. ఆయన సమాధి నేటికీ ఆ నగరంలోనే ఉన్నది.