చలనచిత్ర విద్యార్థి సత్యజిత్ రాయ్

ఒక కళ వర్ధిల్లాలంటే దానిని సృష్టించేవారు మాత్రమే ఉంటే చాలదు. ఆదరించి, అర్థం చేసుకొని, గుణదోషాలను తర్కించే సహృదయులు కూడా ఉండాలి. కావ్యానికి అటువంటి సహృదయ గోష్ఠులు మన దేశంలో ప్రాచీనకాలం నుంచీ ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర పుట్టిన చలనచిత్రానికి మాత్రం ఆ భాగ్యం చాలాకాలం లభించలేదు. అది కాలక్షేపమనీ, చదువుకునేవారికి తగనిదనీ పెద్దలు భావించేవారు. ఆ భావనను మార్చడానికి కృషి చేసినవారిలో ముఖ్యులు సత్యజిత్ రాయ్.

రాయ్ 1921 మే 2న కలకత్తాలో జన్మించారు. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రచయిత, చిత్రకారుడు, ముద్రణకళలో నిపుణుడు. ఆయన 1913లో పిల్లల కోసం 'సందేశ్' పత్రికను స్థాపించారు. తండ్రి సుకుమార్ రాయ్ హాస్యకవిగా వంగదేశంలో ఇంటింటా ప్రసిద్ధుడు. కాని 1923లో, కుమారునికి మూడేళ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. కొన్నేళ్లకు కుటుంబానికి ఆధారమైన ముద్రణాలయం కూడా మూతపడింది. తల్లి సుప్రభాదేవి కుమారునితో పుట్టింటివారి ఆశ్రయానికి చేరి, కుట్టుపని నేర్పుతూ అతనిని పెంచి పెద్దచేశారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో రాయ్ అర్థశాస్త్రంలో పట్టా పొందారు గాని, ఆయన మనస్సు ఆ శాస్త్రంలో లగ్నం కాలేదు. తల్లి కోరిక మేరకు 1940లో రవీంద్రుని శాంతినికేతనంలో చేరి నందలాల్ బోస్, వినోదబిహారీ ముఖర్జీల వద్ద చిత్రకళను అభ్యసించారు. పల్లెను, ప్రకృతిని, సామాన్యుని జీవితాన్ని తదేకంగా పరిశీలించే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది. ఆ ప్రశాంత విద్యాక్షేత్రంలో సినిమాలు చూసే అవకాశం లేదు. అయితే గ్రంథాలయంలో చలనచిత్రకళను గురించిన కొన్ని గ్రంథాలు ఉన్నాయి. రాయ్ వాటిని శ్రద్ధగా చదివారు. చదువు పూర్తికాకుండానే 1942 చివర కలకత్తాకు తిరిగివచ్చి, మరుసటి ఏడాది ఒక బ్రిటిష్ ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల జీతంపై చిత్రకారునిగా చేరారు.

సాయంకాలాలు సినిమాహాళ్లలో గడిచేవి. అందరూ కథలో లీనమైతే, రాయ్ ఆ చీకటిలోనే దృశ్యాల కూర్పును గురించి కాగితంపై గుర్తులు రాసుకునేవారు. ఏదైనా కథ చిత్రంగా రాబోతున్నదని తెలిస్తే, దానికి తానే ముందుగా చిత్రానువాదం రాసుకొని, తరువాత వచ్చిన చిత్రంతో పోల్చి చూసుకునేవారు. కాని ప్రపంచంలోని ఉత్తమ చిత్రాలెన్నో కలకత్తా హాళ్లకు వచ్చేవి కావు. చూడని చిత్రాలను గురించి ఎంత చదివినా దాహం తీరదు. ఆ దాహం నుంచే చిత్రసమాజం పుట్టింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే చిదానంద దాస్‌గుప్తా మొదలైన మిత్రులతో కలిసి రాయ్ కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. అందులో ప్రదర్శించిన తొలి చిత్రం రష్యన్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1925లో తీసిన 'బాటిల్‌షిప్ పొటెమ్కిన్'. సమాజానికి సొంత భవనం లేదు, ధనం లేదు. సభ్యుల ఇళ్లలోని గదులే ప్రదర్శనశాలలు. చిత్రం ముగిసిన తరువాత అసలు చదువు మొదలయ్యేది. ఆ దృశ్యాన్ని అలా ఎందుకు చిత్రించారు, మాటలు లేనిచోట భావం ఎలా పలికింది, మన చిత్రాల్లో లోపించినది ఏమిటి అని సభ్యులు తర్కించుకునేవారు. భారతీయ చిత్రాల లోపాలను విశ్లేషిస్తూ రాయ్ 1948లో స్టేట్స్‌మన్ పత్రికలో ఒక వ్యాసం కూడా రాశారు. ఇతరుల లోపాలను ఎత్తిచూపడం సులభం. తాను ఒక ఉత్తమ చిత్రాన్ని తీసి చూపడం కష్టం. ఆ వ్యాసంతో రాయ్ తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నట్లయింది.

ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా తన చిత్రం కోసం 1949లో వంగదేశానికి వచ్చినప్పుడు, రాయ్ ఆయన వెంట పల్లెసీమల్లో సంచరించారు. 1950లో ఉద్యోగరీత్యా లండన్ వెళ్లి, అక్కడ ఉన్న కొద్ది నెలల్లోనే సుమారు వంద చిత్రాలు చూశారు. వాటిలో ఇటలీ దర్శకుడు డిసికా తీసిన 'బైసికిల్ థీవ్స్' ఆయన మార్గాన్ని నిర్ణయించింది. పేరున్న తారలు, భారీ కట్టడాలు లేకుండా, వీధుల్లోనే, సామాన్యులతోనే గొప్ప చిత్రం తీయవచ్చునని ఆయనకు నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకంతో 1952 అక్టోబరులో, బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల ఆధారంగా 'పథేర్ పాంచాలి' ప్రారంభించారు. ఉద్యోగం మానలేదు, సెలవురోజుల్లోనే చిత్రీకరణ. మొదటిరోజు రెల్లుపూల పొలంలో కొంతభాగం తీసి, వారం తరువాత వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసివేశాయి. మళ్లీ పూలు పూసేవరకు ఏడాది ఆగవలసి వచ్చింది. డబ్బు చాలక భార్య విజయ నగలు కుదువపెట్టవలసి వచ్చింది. నెలల తరబడి పని ఆగిపోయింది. చివరకు పశ్చిమబెంగాల్ ప్రభుత్వ సహాయంతో 1955లో పూర్తయిన ఆ చిత్రం, మరుసటి ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ మానవీయ చిత్రంగా పురస్కారం పొందింది. దాని కొనసాగింపైన 'అపరాజితో' 1957లో వెనిస్‌లో స్వర్ణసింహ పురస్కారం గెలుచుకుంది.

కీర్తి వచ్చినా రాయ్ చిత్రసమాజాన్ని మరువలేదు. 1959లో దేశంలోని చిత్రసమాజాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినప్పుడు ఆయనే దానికి అధ్యక్షులయ్యారు. 1978లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. 1992లో గౌరవ ఆస్కార్‌ను ఆస్పత్రి పడకపైనే అందుకున్నారు. అదే సంవత్సరం భారతరత్న పురస్కారం లభించింది. 1992 ఏప్రిల్ 23న ఆయన తుదిశ్వాస విడిచారు.

మరుసటి ఏడాది లండన్‌లోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన తొలి చిత్రాల మూల ఫిల్ములు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నిపుణులు ఎంతో ఓర్పుతో వాటిని బాగుచేయగా, 2015లో అవి మళ్లీ తెరకెక్కాయి. అమెరికాలోని శాంటాక్రూజ్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రాయ్ పేరిట ఒక అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పింది. ఒకప్పుడు చూడదగిన చిత్రాల కోసం తపించిన యువకుని చిత్రాలే ఈనాడు విద్యార్థులకు పాఠ్యాంశాలైనాయి. ఇంటిగదిలో పదిమంది కలిసి చూసి, నిజాయితీగా చర్చించుకున్న సాయంకాలాలే ఆ మహోన్నత కృషికి బీజాలు.